పాత సిస్టమ్‌లో పోయిన ఫైళ్లకు ఏ దారి, ఉన్న ఫైళ్లకు ఏ బ్యాకప్

"అన్నా, సిస్టమ్ ఆన్ అయితలేదు. డేటా పోయినట్టేనా?"

హన్మకొండలో గానీ వరంగల్‌లో గానీ కంప్యూటర్ రిపేరు షాపులో కాసేపు కూర్చుంటే ఈ మాట వినకుండా లేవలేరు. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. సిస్టమ్ ఆన్ కాకపోవడం ఒకటి, డేటా పోవడం ఇంకొకటి. కరెంట్ అందించే ఎస్‌ఎంపీఎస్ కాలినా, మదర్‌బోర్డు చచ్చినా, విండోస్ పాడైనా హార్డ్ డిస్క్‌లో ఉన్న ఫైళ్లు మామూలుగా అలాగే ఉంటాయి. ఇంకోవైపు, సిస్టమ్ చక్కగా ఆన్ అయి డెస్క్‌టాప్ మీద భద్రకాళి అమ్మవారి ఫొటో కనిపిస్తున్నా, లోపల డిస్క్ ఆఖరి రోజుల్లో ఉండొచ్చు.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఏ షాపు మంచిది అనే చర్చకు ముందు రోగం డిస్క్‌దా, మిగతా సిస్టమ్‌దా తేల్చుకోవాలి. అది తేలితే దారి దానంతట అదే తేలుతుంది. తేల్చుకోకుండా దిగినవాళ్లే డబ్బూ డేటా రెండూ పోగొట్టుకుంటారు.

ఇక్కడ పాత సిస్టమ్ అంటే ఏవో మ్యూజియం సరుకులు కావు. ఎనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణంలో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ నడిపేది, పెళ్లికార్డుల డీటీపీ సెంటర్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ నడిపేది, జమ్మికుంట జిన్నింగ్ మిల్లులో లారీలు తూచే వేబ్రిడ్జి పక్కన దుమ్ము కొట్టుకుని ఉండేది, ఫొటో స్టూడియోలో పదేళ్ల పెళ్లిళ్లు మోస్తున్నది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. ఆపేసినంత మాత్రాన అవి ఆగిపోలేదు. మన దగ్గర ఇంకా రోజూ పొద్దున బటన్ నొక్కగానే లేస్తూనే ఉన్నాయి.

ముందు డిస్క్‌కు పరీక్ష

మొదటి పరీక్ష చెవితోనే. క్యాబినెట్ పక్క డోరు తీసి, ఆన్ చేసి వినండి. మంచి డిస్క్ సన్నగా గుంయ్‌మంటూ తిరుగుతుంది. టక్... టక్... టక్ అని ఒకే లయలో కొట్టుకుంటూ, ఆగి, మళ్లీ మొదలుపెడుతుంటే లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిని ఉండొచ్చు. గీసుకుపోతున్నట్టు కర్ర్‌మంటే ఇంకా ప్రమాదం. ఆ శబ్దం వినగానే పవర్ తీసేయండి. ఇంకోసారి చూద్దాం అని ఆన్ చేసిన ప్రతిసారీ డేటా ఉండే ప్లేట్ మీద గీతలు పెరుగుతాయి, గీసుకుపోయిన చోట ఉన్న డేటాను ఎంత పెద్ద ల్యాబ్ అయినా తేలేదు.

శబ్దం ఏమీ లేకుండా, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) డిస్క్ పేరే కనిపించకపోతే వెంటనే కంగారు పడొద్దు. కేబుల్ మార్చి చూడండి. డిస్క్‌ను బోర్డుకు కలిపే పాత సాటా కేబుళ్లు వదులవుతాయి, మిల్లుల్లో, గోదాముల్లో అయితే ఎలుకలు కొరుకుతాయి. కేబుల్, పోర్టు, పవర్ పిన్ మూడూ మార్చినా కనిపించకపోతే అప్పుడు డిస్క్‌ను అనుమానించాలి.

విండోస్ లేస్తుంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కను అది చూపిస్తుంది. గుడ్ అని నీలం రంగులో వస్తే సరే. పసుపు రంగులో కాషన్ అని వస్తే 05, సీ5, సీ6 అనే వరుసలు చూడండి. 05 అంటే పాడైన సెక్టార్లకు (డిస్క్ మీది చిన్న చిన్న గడులు) బదులు వేరేవి కేటాయించిన లెక్క. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు. సీ6 అంటే ఇక చదవలేమని తేలినవి. ఈ సీ5 అంకె ఇవాళ ఒకటి, వారం తర్వాత ఇంకొకటి అని పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఇక ఏ ప్రయోగమూ చేయొద్దు, ముందు కాపీ తీసుకోవాలి.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు, ఫైళ్లు కనిపించనప్పుడు విండోస్‌తో వచ్చే చెక్‌డిస్క్ నడపొద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేయడానికి పుట్టింది, మీ ఫైళ్లను కాపాడటానికి కాదు. సగం దెబ్బతిన్న ఫోల్డర్‌ను అది ముక్కలు ముక్కలు చేసి పక్కన పడేస్తుంది. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే నడుస్తుందనే చిట్కా కూడా ఇంకా చెలామణిలో ఉంది. లోపల తేమ పట్టి ఉన్నది కాస్తా పోతుంది.

విండోస్ లేవదు, డిస్క్ బాగుంది

ఎక్కువ కేసులు ఇవే. దీన్ని రికవరీ అనడం కూడా ఎక్కువే, మామూలు కాపీ పని. రెండు దారులున్నాయి.

మొదటిది లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్. వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, పాత సిస్టమ్‌ను దాంతో లేపితే, విండోస్‌తో పని లేకుండా ఫోల్డర్లు తెరుచుకుంటాయి. డిస్క్ విప్పనక్కర్లేదు. కానీ పాత సిస్టమ్‌లతో చిక్కులున్నాయి. 32 బిట్ ప్రాసెసర్ అయితే ఉబుంటు, లినక్స్ మింట్ కొత్త వెర్షన్లు లేవవు. ర్యామ్ ఒక జీబీనో రెండు జీబీనో ఉంటే పెద్ద లినక్స్‌లు నత్తనడక నడుస్తాయి. పప్పీ లినక్స్, యాంటీఎక్స్ లాంటి తేలికవి వెతుక్కోవాలి. మరీ పాత బోర్డులు పెన్‌డ్రైవ్‌తో బూట్ కానే కావు.

రెండోది డిస్క్ విప్పి, యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో ల్యాప్‌టాప్‌కు తగిలించడం. సాటా డిస్క్‌కు ఈ కేబుల్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. వెడల్పాటి పట్టీ కేబుల్ ఉండే ఐడీఈ డిస్క్ అయితే రెండు రకాలకూ పనిచేసే అడాప్టర్ అడగండి. డెస్క్‌టాప్ డిస్క్‌కు 12 వోల్టుల పవర్ వేరేగా కావాలి, కాబట్టి అడాప్టర్‌తో పాటు చార్జర్ కూడా ఉన్నదే కొనండి. ల్యాప్‌టాప్ డిస్క్‌కు ఆ అవసరం లేదు.

నా ఓటు రెండోదానికే. నాలుగు స్క్రూలు విప్పడం వచ్చినవాళ్లకు లినక్స్ నేర్చుకోవడం కంటే ఇదే సులువు, వేగం కూడా ఎక్కువ. తగిలించగానే యూజర్ ఫోల్డర్ మీద యాక్సెస్ డినైడ్ అని వస్తే టెన్షన్ పడొద్దు. అది పాత విండోస్ యూజర్ పేరు మీద ఉన్న తాళం, కంటిన్యూ నొక్కితే కాసేపటికి తెరుచుకుంటుంది. కానీ ల్యాప్‌టాప్ "ఈ డిస్క్ ఫార్మాట్ చేయమంటారా" అని అడిగితే మాత్రం వద్దు అనండి. ఆ ప్రశ్నకు అలవాటుగా ఎస్ నొక్కేవాళ్లు ఎంతమందో.

ఫైల్ డిలీట్ అయింది, డిస్క్ బాగుంది

పాత కంప్యూటర్లకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. మామూలు హార్డ్ డిస్క్‌లో ఫైల్ డిలీట్ చేస్తే దాని పేరు జాబితాలోంచి పోతుంది గానీ అసలు డేటా ఆ చోటే ఉంటుంది, దాని మీద వేరేది రాసేదాకా. తిరిగే ప్లేట్లు లేకుండా చిప్‌ల మీద దాచే ఎస్‌ఎస్‌డీలో అలా కాదు. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఆదేశం ఉంది, డిలీట్ చేసిన చోటును ఎస్‌ఎస్‌డీ తనే తుడిచేసుకుంటుంది. పాత సిస్టమ్ స్పీడ్ కావాలని ఎస్‌ఎస్‌డీ వేయించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. వేయించుకోండి, మంచిదే. కాకపోతే ఆ రోజు నుంచి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కిన ఫైల్ మీద ఆశ దాదాపు వదులుకోవాలి.

ఫైల్ పోయిందని తెలియగానే ఆ సిస్టమ్ వాడటం ఆపేయాలి. యూట్యూబ్‌లో "డిలీటెడ్ ఫైల్స్ ఎలా రికవర్ చేయాలి" అని అదే సిస్టమ్‌లో చూస్తుంటే, బ్రౌజర్ రాసుకునే చెత్త మీ ఫైల్ ఉన్న చోటే పడొచ్చు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకూడదు, పెన్‌డ్రైవ్ మీంచి నడపాలి. వచ్చిన ఫైళ్లను ఇంకో డ్రైవ్‌లో సేవ్ చేయాలి.

విండోస్ 7లో ముందు ఒక తేలిక పని చేసి చూడండి. ఫైల్ ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే మొన్నటి ఫోల్డర్ అక్కడే ఉండొచ్చు. సీ డ్రైవ్‌కు చాలాసార్లు ఉంటుంది, డీ డ్రైవ్‌కు అరుదు.

అక్కడ లేకపోతే ఉచిత సాఫ్ట్‌వేర్లలో రెండే పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. రెకువా, ఫొటోరెక్. రెకువా ఫైల్ జాబితాలో మిగిలిన ఆనవాళ్లు పట్టుకుని వెతుకుతుంది, కాబట్టి పేరుతో సహా ఫైల్ వస్తుంది. వాడటం కూడా సులువు. నిన్నా మొన్నా డిలీట్ అయిన కొద్ది ఫైళ్లకు ముందు ఇదే. ఫొటోరెక్ తీరు వేరు. జాబితాను పట్టించుకోదు. డిస్క్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ, జేపీజీ ఇలా మొదలవుతుంది, వర్డ్ ఫైల్ ఇలా మొదలవుతుంది అనే గుర్తులను బట్టి ఏరి ఇస్తుంది. ఫార్మాట్ అయిన డిస్క్‌లోంచి కూడా ఫొటోలు తేగలదు. కానీ పేర్లు రావు, ఫోల్డర్లు రావు.

పేర్లు రాకపోవడం అంటే ఏమిటో ఒక స్టూడియో డిస్క్ మీద చూస్తే తెలుస్తుంది. రాత్రంతా నడిచాక రీకప్ డిర్ 1, రీకప్ డిర్ 2 అంటూ ఫోల్డర్లు వరుసగా పుట్టుకొస్తాయి. లోపల ఎఫ్ అక్షరం పక్కన ఏడెనిమిది అంకెలున్న ఫైళ్లు వేలల్లో. మేడారంలో నిలువెత్తు బంగారం తూకం వేస్తున్న ఫొటో, దాని పక్కనే ఎప్పుడో తెరిచిన వెబ్‌సైట్ తాలూకు చిన్న బొమ్మ, ఆ పక్కన ఎవరిదో పాస్‌పోర్ట్ ఫొటో, తర్వాత మళ్లీ తలంబ్రాలు. వీటిని సైజును బట్టి అమర్చితే సగం తలనొప్పి తగ్గుతుంది. వంద కేబీ లోపువి దాదాపు అన్నీ బ్రౌజర్ చెత్త, రెండు ఎంబీ దాటినవి కెమెరా ఫొటోలు. కెమెరా ఫొటోల్లో తీసిన తేదీ లోపలే రాసి ఉంటుంది కాబట్టి, తేదీని బట్టి విడగొడితే ఏ పెళ్లి ఏదో తేలుతుంది.

ఫొటోలకు ఇది బ్రహ్మాండం. ట్యాలీకి మాత్రం పనికిరాదు. ట్యాలీలో ఒక్కో కంపెనీ డేటా 10000, 10001 లాంటి అంకెల ఫోల్డర్‌లో ఉంటుంది, అందులో 900 అనే తోకతో బోలెడు ఫైళ్లు. అవన్నీ సరైన పేర్లతో, ఒకే ఫోల్డర్‌లో ఉంటేనే కంపెనీ తెరుచుకుంటుంది. అందుకని అకౌంట్ల సిస్టమ్ అయితే పేర్లు తెచ్చే రెకువా వైపే వెళ్లండి, అది చేతకాకపోతే షాపుకు వెళ్లండి.

డబ్బులు పెట్టి కొనే రికవరీ సాఫ్ట్‌వేర్లు కూడా చాలానే ఉన్నాయి. స్కాన్ ఉచితం, సేవ్ చేయాలంటే డబ్బు అనే పద్ధతి వాటిది. ఉచితంగా స్కాన్ చేసి, మీ ఫైల్ ప్రివ్యూలో నిజంగా తెరుచుకుంటేనే కొనాలా వద్దా ఆలోచించండి. క్రాక్ వెర్షన్లు వేసుకుంటే ఉన్న డేటాకు కూడా వైరస్ పట్టిస్తారు.

ఫార్మాట్ అయింది, లేదా పార్టిషనే మాయమైంది

డీ డ్రైవ్ లాంటి పార్టిషన్, అంటే డిస్క్‌లో ఒక భాగం, ఉన్నట్టుండి కనిపించకుండా పోయి, ఇంకా ఏమీ రాయలేదంటే టెస్ట్‌డిస్క్ మొదటి ఎంపిక. ఫొటోరెక్ చేసినవాళ్లదే, ఉచితం. పోయిన పార్టిషన్‌ను వెతికి మళ్లీ పట్టికలోకి ఎక్కిస్తుంది, పేర్లు ఫోల్డర్లతో సహా. నల్ల తెర మీద బాణం గుర్తులతో నడపాలి, అందుకే చూడగానే భయం వేస్తుంది. రైట్ (Write, అంటే డిస్క్ మీద రాయడం) అనే మాట కనిపించినప్పుడు ఖాయంగా తెలిస్తే తప్ప ఎంటర్ కొట్టొద్దు, అక్కడే ఫైళ్లు కాపీ చేసుకునే సౌకర్యం ఉంది.

ఫార్మాట్‌లో క్విక్, ఫుల్ తేడా చాలా పెద్దది. క్విక్ ఫార్మాట్ జాబితాను మాత్రమే కొత్తగా రాస్తుంది, డేటా చాలావరకు దొరుకుతుంది. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతా సున్నాలు నింపుతుంది. అది పూర్తయితే ఇక ఎవరి దగ్గరికీ వెళ్లనక్కర్లేదు. ఎక్స్‌పీలో చేసిన ఫుల్ ఫార్మాట్ అయితే సున్నాలు నింపదు, కాబట్టి ఆశ ఉంటుంది.

కొత్త విండోస్ వేయించుకునేటప్పుడు "సీ డ్రైవే ఫార్మాట్ చేస్త, డీ డ్రైవ్ సేఫ్" అనే మాట అందరూ వింటారు. నిజమే. కాకపోతే డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ట్యాలీ కూడా చాలామందికి సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. ఔట్‌లుక్ మెయిళ్లు అయితే యూజర్ ఫోల్డర్‌లో లోతున దాక్కుంటాయి. సిస్టమ్ ఇచ్చేముందు ఈ జాబితా కాగితం మీద రాసి చేతికివ్వండి.

షాపా, సికింద్రాబాదా

డిస్క్ టక్ టక్‌మంటోందంటే, కింద పడిందంటే, నీళ్లలో మునిగిందంటే ఇంట్లో ప్రయత్నాలు వద్దు, గల్లీ షాపూ వద్దు. డిస్క్ మూత విప్పి హెడ్ మార్చాలంటే దుమ్ము లేని గది కావాలి, విడిభాగాల కోసం అదే మోడల్ డోనర్ డిస్క్ కావాలి. సర్క్యూట్ బోర్డు ఇంకో డిస్క్‌ది పెడితే సరిపోతుందని కొందరంటారు. చాలా పాత డిస్క్‌లకు అది నడిచేది. తర్వాతి కాలపు డిస్క్‌ల బోర్డు మీద ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన లెక్కలు ఉంటాయి, ఆ చిప్ కూడా మార్చి అతికించాలి. ఇలాంటి పనికి హైదరాబాద్ ల్యాబ్‌లే దిక్కు. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల చిల్లర, కొరియర్‌లో పంపేకంటే చేత్తో పట్టుకెళ్లడమే మంచిది. ఖర్చు వేలల్లో మొదలై ఐదంకెలకు సులువుగా పోతుంది. పెళ్లి ఆల్బమ్ ప్రింట్ ఇంట్లో ఉంటే, ట్యాలీ ప్రింట్లు ఆడిటర్ దగ్గర ఉంటే ఆ డబ్బు పెట్టాలా అని నిదానంగా ఆలోచించండి. వదిలేయడం కూడా ఒక ఎంపికే.

డిస్క్ తిరుగుతోంది, కాకపోతే నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ చదువుతోంది అనే కేసుకు మన ఊరి షాపే సరిపోతుంది, పని తెలిసినవాళ్లయితే. వెళ్లగానే ఒక్క ప్రశ్న అడగండి: "ముందు డిస్క్‌కు క్లోన్ తీస్తరా, నేరుగా స్కాన్ పెడతరా?" డీడీ రెస్క్యూ లాంటి సాధనంతో ముందు బాగున్న చోట్లన్నీ ఇంకో డిస్క్ మీదికి లాగి, తర్వాత పాడైన చోట్లకు వచ్చి, ఆ క్లోన్ మీద రికవరీ చేసేవాళ్లు పని తెలిసినవాళ్లు. జబ్బు డిస్క్ మీద నేరుగా గంటలకొద్దీ స్కాన్ పెట్టేవాళ్ల దగ్గర డిస్క్ వదలొద్దు. డేటా రాకపోతే చార్జీ ఎంత, పాత డిస్క్ తిరిగి ఇస్తారా అనేవి కూడా ముందే తేల్చుకోవాలి.

ఇంకొకటి, ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్క్‌ను "రేపు వచ్చి తీసుకపో" అంటే వదిలేసి రావడం నాకు నచ్చదు. వీలైతే దగ్గరుండి చేయించుకోండి, లేదా ఏ ఫోల్డర్లు కావాలో అవే తీయమనండి. పని అయ్యాక వాళ్ల సిస్టమ్‌లో ఉన్న కాపీని మీ ముందే డిలీట్ చేయమనండి. మంచి షాపువాళ్లు ఈ మాటకు ఏమీ అనుకోరు.

ఇక బ్యాకప్: దేన్ని నమ్మాలి

"డీ డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది" అనేది అన్నిటికంటే ఎక్కువ వినపడే మాట. డీ డ్రైవ్ అంటే అదే డిస్క్‌లో ఇంకో అర, డిస్క్ పోతే రెండూ పోతాయి. అది బ్యాకప్ లెక్కలోకి రాదు.

పెన్‌డ్రైవ్ ఫైళ్లు మోసుకుపోవడానికి బాగుంటుంది, ఏళ్ల తరబడి దాచడానికి కాదు. చార్జ్ రూపంలో నిల్వ ఉండే డేటా, కరెంట్ తగలకుండా చాలాకాలం పడి ఉంటే చెదిరిపోవచ్చు. పైగా పోతుంది కూడా సులువుగా, ప్యాంటు జేబులోంచి నేరుగా వాషింగ్ మెషీన్‌లోకి. ఎగ్జిబిషన్‌లో ఐదు వందలకు ఒక టీబీ పెన్‌డ్రైవ్ అని అమ్మేవి దాదాపు అన్నీ నకిలీవే. టీబీ చూపిస్తాయి, కొన్ని జీబీలు నిండాక మిగతాది గాల్లోకి రాస్తాయి. అనుమానం ఉంటే హెచ్2 టెస్ట్ డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నింపి చూడండి.

డీవీడీల కాలం అయిపోయింది. ఒక్కోదాంట్లో 4.7 జీబీ, కొత్త ల్యాప్‌టాప్‌లకు డ్రైవే లేదు. పాత పెళ్లి డీవీడీలు బీరువాలో ఉంటే, పాత సిస్టమ్‌లో డ్రైవ్ ఇంకా పనిచేస్తున్నప్పుడే డిస్క్‌లోకి ఎక్కించేయండి.

క్లౌడ్ గురించి లెక్క వేసి చూద్దాం. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితం, జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి. 2021 జూన్ 1 నుంచి ఫొటోలకు వేరే ఉచిత జాగా లేదు. వన్‌డ్రైవ్ 5 జీబీ. ఇంటి నెట్ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే 15 జీబీ మూడున్నర గంటల్లో ఎక్కుతుంది. అదే స్టూడియోవాళ్ల 500 జీబీ అయితే రాత్రింబవళ్లు ఆపకుండా నడిచినా నాలుగున్నర రోజులు దాటుతుంది. ఊళ్లో రోజుకు 2 జీబీ ఫోన్ ప్యాక్ మీద హాట్‌స్పాట్‌తో అంటే 250 రోజులు. పైగా క్రోమ్ 2023 నుంచి విండోస్ 7కి కొత్త వెర్షన్లు ఇవ్వడం లేదు, ఎక్స్‌పీ సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి క్లౌడ్‌ను భూమి కాగితాలు, సర్టిఫికెట్లు, ట్యాలీ బ్యాకప్, పీహెచ్‌డీ థీసిస్ లాంటి చిన్నవి, విలువైనవాటికి ఉంచుకోండి. పాత సిస్టమ్‌లో ఎక్కకపోతే పెన్‌డ్రైవ్‌తో కొడుకు ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి ఎక్కించొచ్చు. ఫోల్డర్‌లో మార్పు జరగగానే క్లౌడ్‌లోనూ మారేలా సింక్ పెట్టుకున్నవాళ్లు ఒకటి గమనించాలి. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. రెండేళ్లు తెరవని ఖాతాను గూగుల్ తీసేసే అవకాశం కూడా ఉంది.

మిగిలింది ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. పాత సిస్టమ్‌కు నా దృష్టిలో ఇదే అసలైన జవాబు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు మీద సెకనుకు సుమారు 30 ఎంబీ నడుస్తుంది, 200 జీబీకి రెండు గంటలు అనుకోండి, చిన్న చిన్న ఫైళ్లయితే ఇంకా ఎక్కువ. క్యాబినెట్ ముందు పోర్టులు వదులుగా, కరెంట్ చాలకుండా ఉంటాయి, వెనకవైపు పోర్టుకే పెట్టండి. ఎక్స్‌పీ సిస్టమ్ అయితే 1 టీబీ కొనండి, 2 టీబీ దాటిన డిస్క్‌లతో దానికి పేచీ. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో ఉందో లేదో చూసుకోండి, ఫ్యాట్ 32లో 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు. ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కింద పడినా తట్టుకుంటుంది, కానీ ఆ స్పీడ్ యూఎస్‌బీ 2.0 మీద అందదు. ఆ తేడా డబ్బుతో రెండో హార్డ్ డిస్క్ కొనడం మేలు.

రెండోది ఎందుకంటే, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. 2023 జులై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది, వరంగల్ నగరంలో లోతట్టు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. మనం సీపీయూను నేల మీదే పెడతాం, బ్యాకప్ డిస్క్‌ను ఆ టేబుల్ కింది సొరుగులో పెడతాం. ఒకటి బావమరిది ఇంట్లోనో, హైదరాబాద్‌లో బిడ్డ దగ్గరో ఉంటే ఆ గండం తప్పుతుంది.

కాపీ అవగానే డిస్క్ పీకేయాలి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వచ్చినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 సిస్టమ్‌లే. అలాంటి రాన్సమ్‌వేర్, సిస్టమ్‌కు తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కూడా తాళం వేస్తుంది. ఎండాకాలం గాలిదుమారంలో కరెంట్ వచ్చిపోయే దెబ్బలు కూడా తగిలించి ఉన్నదానికే తగులుతాయి.

ఫైళ్లు కాపీ చేయాలా, డిస్క్ మొత్తం ఇమేజ్ తీయాలా

ఇమేజ్ అంటే విండోస్, సాఫ్ట్‌వేర్లతో సహా డిస్క్ మొత్తానికి అచ్చు నకలు. ఇళ్లకు, స్టూడియోలకు ఫైళ్ల కాపీ చాలు. పాత విండోస్ ఇమేజ్‌ను కొత్త కంప్యూటర్‌లో పెడితే చాలాసార్లు లేవదు. ట్యాలీ ఈఆర్‌పీ 9లో ఆల్ట్, ఎఫ్3 నొక్కి బ్యాకప్ తీసుకోండి, దాంతోపాటు డేటా ఫోల్డర్ కూడా అలాగే కాపీ చేయండి. బ్యాకప్ తేదీతో కొత్త ఫోల్డర్ పెట్టుకోవాలి, పాతదాని మీదే రాసుకుంటూ పోతే పాడైన డేటా మంచిదాన్ని మింగేస్తుంది. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలని చట్టం, కాబట్టి ఆరేళ్ల పాత ఫోల్డర్లు డిలీట్ చేసే తొందర వద్దు.

డీటీపీ సెంటర్లకు వేరే చిక్కు ఉంది. పేజ్‌మేకర్ ఫైల్ ఒక్కటే దాస్తే సగం పనే. అను ఫాంట్లతో కొట్టిన తెలుగు ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చింది. ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళం కనిపిస్తుంది. ఫాంట్ల ఫోల్డర్, పేజ్‌మేకర్ సెటప్, లింక్ చేసిన బొమ్మలు ఒకే చోట దాచి, ప్రతి ముఖ్యమైన జాబ్‌కు పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోండి.

డిస్క్ మొత్తం ఇమేజ్ తీయాల్సింది వేబ్రిడ్జి సిస్టమ్‌లకు, ల్యాబ్ మెషీన్ల పక్కన ఉండేవాటికి. సాఫ్ట్‌వేర్ పెట్టినవాడు ఫోన్ ఎత్తడు, సీడీ ఎక్కడుందో తెలియదు, ఎక్స్‌పీ తప్ప దేనిమీదా నడవదు. అలాంటిదానికి సీజన్ మొదలవకముందే క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంకో డిస్క్ మీదికి అచ్చంగా దించి, ఆ డిస్క్ పెట్టి ఒకసారి లేపి చూసి, మిల్లు ఆఫీసు బీరువాలో పెట్టండి. పాతది పోయిన రోజు స్క్రూలు మార్చడమే పని.

బయోస్ బ్యాటరీని కూడా చూసుకోండి. పొద్దున ఆన్ చేస్తే తేదీ 2009కో 2002కో పోతోందంటే సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు తెరుచుకోవు. కొత్త ఫైళ్లు పాత తేదీతో సేవ్ అయి, మార్చినవాటినే కాపీ చేసే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాటిని వదిలేస్తుంది. బ్యాటరీ ఖర్చు టీ, సమోసాకు అయ్యేంతే.

కాపీ అయ్యాక ఇంకో సిస్టమ్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి, ఒక ఫొటో, ఒక వీడియో, ఒక ట్యాలీ కంపెనీ, ఒక డిజైన్. ఫోల్డర్ సైజు సరిపోయినంత మాత్రాన ఫైల్ తెరుచుకుంటుందని కాదు.

కొత్తది కొనేటప్పుడు పాత సిస్టమ్‌ను ఎక్స్ఛేంజ్‌కో, పాత సామాన్లవాళ్లకో ఇస్తే హార్డ్ డిస్క్ తీసుకుని ఇవ్వండి. డిస్క్ లేకపోతే వాళ్లు తగ్గించే ధర కొన్ని వందలే. తీసిన డిస్క్‌ను బబుల్ కవర్‌లో చుట్టి, మీద "2012 నుంచి 2019 దాకా, అకౌంట్లు, ఇంటి ఫొటోలు" అని మార్కర్‌తో రాసి లాకర్‌లో పెట్టుకోండి.